రంపం పాట

వంతెన ఇంజనీరమ్మకి, వడ్రంగి మొగుడు రాసేది.

ఇక్కడ నేనూ పిల్లా ఇద్దరం కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ అనుకుంటున్నాను. రెండోది అంత నమ్మకంతో రాయడం లేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వంటింట్లో పంపు కారడం మానింది. పక్కింటి పిన్నిగారి బీరువా బాగుచేసి ఇచ్చేశాను. తలుపు కిర్రుమనడం లేదని ఆవిడకి దిగులు. బాబాయిగారు చాటుగా మిఠాయి తీస్తే ఇదివరకు తెలిసేదట.

మన ఒప్పందం నిలబెడుతున్నావా అని కూడా అడిగావు. పిల్ల మీద ఏదీ రుద్దకూడదు, మా ఇంటిదీ మీ ఇంటిదీ ఏదీ అంటించకూడదు, పెద్దయ్యాక తనే ఎంచుకోవాలి అనుకున్నాం. నీ నడకకీ నవ్వుకీ కూడా మీ నాన్నగారు కొలతలు పెట్టిన ఇంట్లోంచి వచ్చావు. అందుకే మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. ఇప్పటికీ నీది తప్పనను.

పోయిన వారం బళ్లో టీచరమ్మ ఎవరింటి పాట వాళ్లని పాడమందట. మన పిడుగు లేచి నిలబడి, "మా ఇంట్లో పాట లేదండి. మాకు స్వేచ్ఛ ఉంది" అందట. టీచరమ్మ నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం పిల్ల నా కొట్టుకొచ్చి, మొద్దు మీద కూచుని, "ఎంచుకోమంటారు సరే, దేంట్లోంచి ఎంచుకోను నాన్నా?" అంది.

ఇక అసలు సంగతి, కోప్పడకుండా చదువు. మా నాన్నా నేనూ చెరో కొసా పట్టుకుని పెద్ద రంపం లాగుతూ పాడుకున్న పాట దానికి నేర్పేశాను. ఇద్దరూ ఒక్క వరసన లాగకపోతే రంపం ఇరుక్కుపోతుంది. పాట ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుంటాయి, మనసు ఎటు కావాలంటే అటు తిరిగొస్తుంది. చిన్నప్పుడు నా ఊహలన్నీ ఆ పాటలోనే పుట్టాయి. నిన్నడక్కుండా నేర్పడం తప్పే. అయినా సంతోషంగా ఉంది, దాచలేను.

మొదట్లో రంపం రెండో కొస పట్టుకుని నాతో లాగుతూ బుద్ధిగానే పాడింది. నిన్న మా తాతల నాటి చరణం ఒకటి ఎత్తేసి, అక్కడ వంతెన కట్టే అమ్మని పెట్టింది. "అలా కాదే" అన్నాను. "రంపం ఆగిందా?" అంది. ఆగలేదు మరి.

"అమ్మ రాగానే తనకీ నేర్పేద్దాం" అన్నాను. "ముందు అడుగుదాం నాన్నా. వద్దంటే బలవంతపెట్టకూడదు" అంది. ఆ మాట నేను నేర్పింది కాదు. నీదే.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న
మీ ఆయన