మా దూలం కింది పెట్టె

శ్రీరామ

నల్లగండ్ల,
1974 మార్చి 14, గురువారం.

చిరంజీవి తమ్ముడు నరసింహమూర్తికి,

రాముడు నిన్ను చల్లగా చూడాలని కోరుతూ పక్కింటి అన్న ఎల్లేశం ఆశీర్వదించి రాయునది. తిరుచిరాపల్లిలో నీ ట్రైనింగు బాగా సాగుతోందనీ, అక్కడి సాంబారు నీ కడుపుకు పడుతోందనీ తలుస్తాను. ఇక్కడ నేనూ మీ వదిన కిష్టమ్మా బాగానే ఉన్నాం.

అంతా క్షేమమేనని రాసి సంతకం పెట్టవచ్చు. కానీ పొద్దున్నే పురాణ గ్రంథం ముట్టుకునే చేత్తో అబద్ధం రాయలేను. సంక్రాంతి వెళ్లాక నువ్వు బయలుదేరిననాడు లింగంపల్లి స్టేషనులో నా చేయి పట్టుకుని, అన్నా, ఇల్లూ ఇల్లాలూ నీ కాపలా అన్నావు. కాపలావాడు చూసింది చెప్పాలి కదా. కాస్త కూర్చుని చదువు.

మీ ఆవిడ పుణ్యవతి ఒక పెట్టె చేసింది.

నవ్వకు. ఫ్యాక్టరీ నుంచి నువ్వు తెచ్చిపడేసిన ప్యాకింగు చెక్కలను తానే కోసి, తానే మేకులు కొట్టింది. మూరెడు కూడా లేని పెట్టె. ముందువైపు రెండు వేళ్లు దూరేంత గుండ్రటి కన్నం. లోపల ఏముందో ఎంత వంగి చూసినా కనబడదు. మొదట దాన్ని మీ పెరటి వేపచెట్టుకు కట్టింది. మీ వదిన గోడమీంచి, ఏంది పుణ్యవతీ, పోస్టు డబ్బానా, ఎవలకు రాస్తున్నవ్ జాబులు అని నవ్వులాటకు అడిగిందట. ఆ పిల్ల మొహం మాడిపోయింది. అబ్బే, ఊరికేనండీ అక్కయ్యగారూ అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఊరికే అయితే తలుపెందుకు?

తరవాత ఆ పెట్టె వేప దిగి పడమటి గోడ ఎక్కింది. అక్కణ్ణుంచి స్నానాల గది గోడకు, అక్కణ్ణుంచి మీ ముందు అరుగు మీదికి. ఒక చోట నిలవదు. మధ్యాహ్నం మండుటెండలో ఆమె గోడకు అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడడం నేను కళ్లారా చూశాను. పెదవులు కదులుతున్నాయో లేదో తెలియలేదు గానీ మంత్రమేననిపించింది. మరొకనాడు చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టె నెత్తిన పోసింది, అభిషేకం చేసినట్టు. పొద్దున్నే దాని కింద నూకలు చల్లుతుంది. అన్నిటికంటే చెడ్డది ఇప్పుడు రాస్తున్నాను. దువ్వెనకు వచ్చిన తలవెంట్రుకలు ఉండచుట్టి, కొబ్బరి పీచుతో కలిపి, ఆ కన్నంలో వేలితో కూరడం మీ వదిన చూసింది.

మీ కోస్తా వైపు చేతబడి అంటారే, దాన్నే మా వైపు బాణామతి అంటాం. మూడిళ్ల అవతల సాయిలు బర్రె పాలు ఎగేసింది. వాడు మా వసారాలోకి వచ్చి, ఎల్లేశన్నా, ఎంట్రుకలు, నూకలు, పెట్టె, ఇగ నిమ్మకాయొక్కటే తక్కువ, ఆంధ్రామె ఏదో జేస్తున్నది అన్నాడు. నీ బర్రె ముసల్దైందిరా, దానికి బాణామతెందుకు, నువ్వు కడుపునిండ దాణా వెట్టు అని కసిరి పంపాను. ప్రవచనం చెప్పే వేదిక మీద బాణామతిని నేను ఎలా దుమ్మెత్తిపోస్తానో నువ్వు విన్నవాడివే. భగవంతుణ్ణి నమ్మినవాడికి వెంట్రుకల ఉండతో భయమేమిటని గొంతు చించుకుంటాను. కానీ నీ దగ్గర దాపరికమెందుకు? సాయిలు పోగానే మీ ఇంటివైపు కిటికీ మూశాను.

ఎందుకంటే ఆమె పెట్టె ఎక్కడ కట్టినా, కట్టాక వెనక్కి జరిగి ఒకసారి చెట్టు చూస్తుంది, ఒకసారి ఎండ చూస్తుంది, చివరికి మా ఇల్లు చూస్తుంది. ఆ చూపు సూటిగా మా వసారా దూలం మీద వాలుతుంది. దాని కిందే నా గ్రంథం పీట ఉంటుంది. నేను తలెత్తితే చూపు తిప్పేస్తుంది. ఇదివరకు శనివారం ప్రవచనానికి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. ఈమధ్య పావురం కథ చెప్పాను, వేటగాడి వలలో పిల్లలతో సహా చిక్కిన పావురం. ఆ శనివారం ఆమె మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. దేవుడి మాట చెవిన పడితే ఓర్వలేనిది ఏమిటో పురాణాలు చదివిన మనకు తెలియదా?

ఇంత రాశాక కూడా ఆమెను తప్పుబట్టడానికి నోరు రావడం లేదు. నాకు జ్వరం వచ్చినప్పుడు మిరియాల చారు కాచి పంపిన చేతులవి. అయితే నా మనసు ఎటున్నా ఊరు ఆగేట్టు లేదు. ఎల్లుండి ప్రవచనం కాగానే పదిమందిలో ఈ మాట ఎత్తుతానని సాయిలు పంతం పట్టాడు. ఇల్లు ఖాళీ చేయించి ఊరుకుంటే సరేసరి. నిరుడు పక్క ఊళ్లో ఇలాగే అనుమానించి ఒక ముసలామెకు పళ్లు రాలగొట్టారు. ఆమె అరుపులు విన్నవాళ్లు ఇంకా చెబుతూనే ఉన్నారు. నువ్వు వెంటనే సెలవు పెట్టి రా. కుదరకపోతే మీ బావమరిదిని పంపి పుట్టింటికి తీసుకుపొమ్మను. ఆ పెట్టె ఏమిటో మాత్రం నీకు తెలిసి ఉంటే నాకు రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
ఎల్లేశం.

తా.క.: శుక్రవారం పొద్దున్న రాస్తున్నాను. కవరు అంటించబోతుంటే మా వసారాలో స్టూలు చప్పుడైంది. నేను పొలానికి పోయాననుకుని మీ ఆవిడ పెట్టె పట్టుకుని మా దూలానికి అందుకుంటోంది. మీ వదిన పరుగున పోయి మణికట్టు పట్టుకుంది. దొరికినవె, ఇగ చెప్పు, మా ఇంటికేం వెడుతున్నవ్ అంది. పుణ్యవతి స్టూలు మీదే కూలబడి ఏడ్చింది.

తమ్ముడూ, అది పిచ్చుకల గూడు.

మీ ముందుగదిలో వెంకటేశ్వరస్వామి పటం వాలుగా ఉందని సరిచేయబోతే, వెనకున్న పిచ్చుక గూడు గుడ్లతో సహా కింద పడిందట. ఆ వారమే నేను పావురం కథ చెబుతూ ఊగిపోయి, గూడు విరిచిన చేతులకు ఒడి నిండదని ఉరిమానట. నిరుడు మీకు నిలవకుండా పోయిన బిడ్డ నాకు గుర్తుండాల్సింది. లేదు. ఆ మాట తనకేనని ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ జంట ఇంకా మీ కిటికీ ఊచల మీదే తిరుగుతోంది. అవి వెళ్లిపోయేలోపు ఇల్లు ఇవ్వాలని ఆమె తాపత్రయం. వేపమీద కాకుల గోల. పడమటి గోడ మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది, చేయి ఆనించి చూసింది అందుకే. నీళ్లు పోసింది వాన దిగుతుందేమోనని. వెంట్రుకలూ పీచూ గూట్లో మెత్తగా ఉండడానికి, నూకలు వాటి తిండికి. స్నానాల గది గోడ ఎప్పుడూ చెమ్మే. మీ అరుగు మీదికి పిల్లి వస్తుంది. తూర్పు మొహం, నీడ, పిల్లికి అందని ఎత్తు, అన్నీ ఉన్నది మా దూలం కిందే. గ్రంథం మీద రెట్ట పడుతోందని నిరుడు మా పెంకుల సందులన్నీ సిమెంటుతో పూడిపించిందీ నేనే.

అడగొచ్చు కదమ్మా అన్నాను. అడిగితే ఎందుకని అడుగుతారు కదండీ బావగారూ, ఆ మాటన్నది మీరే, మీకే ఎలా చెప్పను అంది. మీ వదిన నా వైపు తిరిగి, అది నోరా, కొలిమా అంది. పెట్టెను మీరూ చూశారు కదా, పిచ్చుకలకని తట్టలేదా అని పుణ్యవతి అడిగింది. ఎలా తడుతుంది? అవి అడక్కుండా మన ఇళ్లలో కాపురం పెట్టే జీవాలు, వాటికి మనిషి ఇల్లు కట్టడమేమిటి? పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

గ్రంథం తెచ్చి ఆ అధ్యాయమంతా ఆమె ముందే తిరగేశాను. పావురం ఉంది. వేటగాడున్నాడు. వల ఉంది. ఒడి మాట లేదు. ఊపులో నేను కలిపినదే. నా నోటిమాట నమ్మలేదు. వరస కింద వేలు పెట్టి తానే చదువుకుంది. అప్పుడు అన్నం తింది.

పెట్టె నేనే దూలానికి బిగించాను. వాన లోపలికి కొట్టకుండా కొంచెం ముందుకు వంచండి బావగారూ అంటూ కింద నిలబడి చెప్పింది. పీట అవతలి మూలకు జరిపాను. ఇందాక మగపిచ్చుక వచ్చి కన్నంలో తల పెట్టి చూసి, తీసి, మళ్లీ చూసింది. నాలాంటి అనుమానపు జీవి. ఇంకా లోపలికి పోలేదు.

రేపు సాయిలు నోరు తెరిచేలోపు వేదిక మీద నేనే తెరుస్తాను. గ్రంథంలో లేని మాట ఏదో, అది ఎవరిదో చెబుతాను. వాడికి కోపమొస్తే నా మీద రానీ.

పై రాతంతా చించబోయాను. చించొద్దంది మీ ఆవిడ. ఊళ్లో నన్నేమనుకున్నారో ఆయనకూ తెలియాలండీ, పంపించండి అంది. ఇంకొక కబురు ఉంది, తాను రాసుకోవడానికి సిగ్గట. పైగా భయపెట్టినవారే ఆ మాట కూడా చెప్పాలట. అందుకని రాస్తున్నాను.

తమ్ముడూ, పుణ్యవతికి మూడో నెల.