సేవాపత్రానికి మేకు

మంగళవారం

ఇరవై ఐదేళ్లు మంటలార్పినందుకు పొద్దున నాకు సేవాపత్రం ఇచ్చారు. మధ్యాహ్నం వినుకొండ దగ్గర రైతు సాంబయ్య పత్తి గుట్ట అంటుకుంది. పైన నీళ్లు కొడితే పత్తి ఆరదు, లోపల నిప్పు అలాగే ఉంటుంది. అందుకే గుట్టను కొక్కేలతో చీల్చాం.

“ఒరేయ్, మిగిలింది కూడా బురదపాలు చేస్తారేంట్రా!” అంటూ సాంబయ్య కర్రతో నా వీపు మీద బాదాడు. రెండో దెబ్బకు కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. కొక్కెం తిరగేసి దాని కర్రతో దవడ మీద కొట్టాను. పళ్లు రాలాయి. అప్పుడే గుట్ట నడుమ నుంచి మంట లేచింది. సాంబయ్య నెత్తురు ఉమ్మేసి, “ఆర్పండయ్యా” అన్నాడు.

రిపోర్టులో ‘రైతు జారిపడ్డాడు’ అని రాశాను. దాని కింద సాంబయ్య వేలిముద్ర వేశాడు.

సాయంత్రం మా ఆవిడ సేవాపత్రం తగిలించడానికి గోడకు మేకు కొట్టింది. ఒక్కో దెబ్బకూ ఆ దవడ చప్పుడే. ఆపమని ఎలా చెప్పను?