కళ్ళజోడు మీద కూర్చున్నది పిల్లి కాదు

ఏవండీ,

డ్యూటీకి వెళ్తున్నాను. కూర వేడి చేసుకోండి. మీకు కళ్ళజోడు లేదని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. చదవగానే చీటీ చించెయ్యండి.

పిల్లిని లోపలికి రానివ్వండి. కళ్ళజోడు విరగ్గొట్టింది అది కాదు, మన చిన్నది. నిన్న పడుకునే ముందు దాని ప్రార్థన నా చెవిన పడింది. "ప్రభువా, నాన్న కళ్ళజోడు మీద కూర్చున్నది నేనే. పాపం, పిల్లికి తిట్లు పడ్డాయి. నాకు భయం, నాన్నకి నువ్వే చెప్పెయ్."

నవ్వు ఆపుకుని, "తప్పు నువ్వు చేసి కబురు దేవుడి చేత పంపుతావా? ధైర్యం ఇమ్మని అడుగు" అన్నాను. పొద్దున లేస్తూనే, "ఇచ్చాడమ్మా, కానీ కొంచెమే ఇచ్చాడు" అంది.

ఆ కొంచెంతోనే సాయంత్రం మీ దగ్గరికి వస్తుంది. ఏమీ తెలియనట్టు వినండి. మీరు కళ్ళెర్ర చేశారంటే అది ఇంకెప్పుడూ నిజం చెప్పదు. దగ్గరికి తీసుకోండి, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి.

అన్నట్టు, మీ నీలం చొక్కా పోగొట్టింది లాండ్రీ అతను కాదు. ఇస్త్రీ చేస్తూ నేనే కాల్చేశాను. రెండేళ్ళుగా దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను. మీకు చెప్పే ధైర్యం ఇవాళ్టికి వచ్చింది, అదీ మీరు ఇంట్లో లేనప్పుడు.