సీసపు బాణం, చారు గిన్నె

7-11-1949, సోమవారం, రాయపూర్.
ఉదయం 6.10. నిర్ణయం జరిగిపోయింది. ఆదివారం సాయంత్రం అయిదింటికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో రోమను సిపాయిల బరువు బాణం విసురుతాను. పదిహేను వందల ఏళ్ల నాటి ఆయుధం. విల్లు అక్కర్లేదు, చేత్తోనే. లైబ్రరీలో పాత ఇంగ్లీషు పత్రికలో బొమ్మ దొరికింది: ఇనప ములికి, వెనక సీసపు ముద్ద, మూరెడు కర్ర, చివర ఈకలు. సీసం కర్రను ఎలా పట్టుకుని ఉండేదో పత్రికవాడికీ తెలియదట. ఈ గూడ్సు గుమాస్తా సూర్యారావు కనిపెడతాడు!

మా ఆవిడ రమణమ్మ నా ఫిడేలు, కుస్తీ, హోమియోపతీ గుర్తుచేసింది. "ఈసారైనా పక్కాగా అవుద్దేటండీ?" అంది. మాట ఇచ్చాను. ఇదీ సగంలో వదిలేస్తే ఇంట్లో నా మాటకు ఇక విలువ ఉండదు.

8, మంగళ.
గుఢియారీ బజారు. వలలకు కట్టే సీసపు గుళ్ళు, పావు సేరు. కర్ర చిత్రిక పట్టిన వడ్రంగి "బేలన్ హై క్యా, బాబూజీ?" అన్నాడు. అప్పడాల కర్ర కాదని చెప్పాను. నమ్మలేదు. ములికికి పెద్ద మేకు. ఈకలకు పక్కింటి పరదేశి గారి బాతు. వేలు కొరికింది. ఉత్సాహం తగ్గలేదు.

10, గురు.
సిద్ధాంతం ఒకటి: సీసానికి కన్నం పొడిచి కర్రకు తొడిగేవారు. విసిరాను. కర్ర గోడ దాకా వెళ్ళింది. సీసం నా కాలిమీద పడింది.
సిద్ధాంతం రెండు: మైనం. ఎండకు కారిపోయింది.

11, శుక్ర.
పని సాగలేదు. కాలు వాచింది. గాలి కూడా ఎదురు. రోమనులూ శుక్రవారం సెలవు పుచ్చుకునే ఉంటారు.

12, శని.
ఉదయం 11.00. సిద్ధాంతం మూడు: కరిగించి పొయ్యడం. రమణమ్మ ఇంట్లో లేదు. కుంపటి రాజేశాను. మేకు, కర్ర కలిసేచోటు కుంపటి కింద మట్టి మూకుడులో పెట్టాను. చేతికందింది చారు గిన్నె. సత్తుది, అంటే తగరం, అత్తగారిచ్చింది. రోజూ నిప్పుమీద ఉండేదే కదా అని గుళ్ళు వేశాను.
11.20. సీసం చెక్కుచెదరలేదు. గిన్నె కరిగిపోయింది. చారు లేకుండా దాన్ని నిప్పుమీద పెట్టకూడదట. నాకెవరూ చెప్పలేదు.
11.40. కారిన సత్తు మూకుడులో చేరి చల్లారింది. బాణాన్ని గుంజాను, నేలకేసి కొట్టాను. ఊడలేదు! మేకునూ కర్రనూ కలిపి పట్టేసింది. రోమనులు ఇలాగే పోసి ఉంటారు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. తలెత్తితే గుమ్మంలో రమణమ్మ.
12.05. వివరాలు రాయను.

13, ఆది.
సాయంత్రం 5.00. మైదానంలో పన్నెండుమంది. ఫిట్టరు నూకరాజు సున్నంతో గీతలు కూడా గీశాడు. నేను ఉత్త చేతులతో వెళ్ళాను. బయలుదేరుతుంటే రమణమ్మ బాణం లాక్కుని ట్రంకులో పెట్టి తాళం వేసింది. "మాయమ్మ గిన్నది. ఇసిరేస్తే ఊరుకుంటానేటి?"
"పూర్తి చేశాను కదా!"
"చేసేరు. నేను కాదన్నానా?"
మైదానంలో ఉన్నదున్నట్టు చెప్పాను. "మరే, తాళంచెవి రోములో ఉండుంటాది బాబూ," అన్నాడు నూకరాజు.
జీవితంలో ఒక్క పని పూర్తిచేశాను. దానికి ఉన్న ఒక్క సాక్షీ నాకు చారు పొయ్యడం లేదు.

14, సోమ.
ఉదయం 6.10. మళ్ళీ మొదలు. కొత్త కర్ర, కొత్త మేకు, ఈసారి ఇనప గరిటె. వచ్చే ఆదివారం అయిదింటికి, తప్పకుండా.
కొత్త గిన్నె వచ్చేదాకా గరిటె ముట్టుకోవద్దంది రమణమ్మ. ఇంకో గిన్నె పంపమని వాళ్ళమ్మకు నా చేతే ఉత్తరం రాయిస్తోంది, పక్కనే కూర్చుని.
"అత్తయ్యగారికి నమస్కారాలు. మీరిచ్చిన గిన్నె ట్రంకులో భద్రంగా ఉంది," అని మొదలుపెట్టాను.