నిత్య నా కాళ్లకు పెట్టిన దణ్ణం

అక్కా,

నువ్వు, బావగారు, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ దగ్గర వదిలొచ్చిన నా కూతురు బుజ్జి ఏడవకుండా బడికి వెళ్తోందా? ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అది వింటుంది. అందుకే ఈ ఉత్తరం. చదివి నీ దగ్గరే ఉంచుకో.

ఈ బెజవాడ పటమటలో ఎండలు మండిపోతున్నాయి. నేనుండే రేకుల గది పెనంలా కాలుతుంది. తిండికి లోటు లేదు కానీ, ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదు. దిగులు పడకు, అలవాటవుతోంది.

మొదట పనికి కుదిరిన ఇల్లు పోయింది. ఎందుకో చెబుతాను. అక్కడ సారు, మేడమ్ ఇద్దరూ ఉద్యోగస్తులు. వాళ్ల పాప నిత్యకు ఐదేళ్లు. పాపను చూసుకోవడం, వంట, ఇల్లు తుడవడం నా పనులు. సారు నన్ను "ఏయ్" అని తప్ప పిలిచేవారు కాదు. ఒక ఆదివారం చుట్టాలు వచ్చినప్పుడు పాప కూడా "ఏయ్ పద్మా, నీళ్లు తే" అంది. సారు నవ్వారు. చుట్టాలూ నవ్వారు. మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది.

"పెద్దవాళ్లని అలాగేనా పిలిచేది? కాళ్లకి దణ్ణం పెట్టి సారీ చెప్పు!"

పాప కదల్లేదు. మేడమ్ దాని మెడ పట్టుకుని వంచారు. అప్పుడే ఇల్లు తుడిచిన తడి కాళ్లు, పగిలిన మడమలు నావి. పాప నుదురు నా కాలివేళ్లకు తగిలింది. అబద్ధమెందుకు అక్కా, ఆ క్షణం నాకు సంతోషమేసింది. సారు మీది కసి ఆ పసిదాని మీద తీరినట్టనిపించింది.

ఇక అదే శిక్ష అయిపోయింది. పాలు తాగకపోయినా, బొమ్మలు సర్దకపోయినా "పద్మ కాళ్లు పట్టుకుంటావా?" అనేవారు మేడమ్. "వద్దు మమ్మీ, ఛీ!" అని పాప ఏడ్చేది. నేను జడ వేయబోతే తల లాక్కునేది. నేను కలిపిన అన్నం తినడం మానేసింది.

ఒకరోజు మళ్లీ వంచబోతే నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

"వద్దండీ మేడమ్ గారూ. పాపకి నేనంటే అసహ్యం పుడుతోందండీ. సారు నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు, చూసి తనే నేర్చుకుంటుందండీ."

మేడమ్ ముఖం ఎర్రబడింది. "నీకు మర్యాద ఇప్పిస్తుంటే నాకే పాఠాలు చెప్తున్నావా? రేపట్నుంచి రావద్దు."

పాప చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు అదే అపార్ట్‌మెంట్‌లో, నాలుగో అంతస్తులో, ఒక పెద్దావిడకు వంట చేస్తున్నాను. మంచావిడే. మొన్న లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల మేడమ్, నిత్య ఉన్నారు. నేను పాపను చూసి నవ్వాను. అది తల్లి ముఖంలోకి చూసి, గబగబా వంగి నా కాళ్లు ముట్టుకుని "సారీ, సారీ" అంది. పాప ఏ తప్పూ చేయలేదక్కా. మేడమ్ "గుడ్ గర్ల్" అని, బ్యాగులోంచి శానిటైజర్ తీసి దాని చేతులకు రాశారు.

నీ కోపం నాకు తెలుసు. బుజ్జి తప్పు చేస్తే మందలించు, కేకలెయ్యి. నలుగురిలో దాని మెడ మాత్రం వంచకు. బావగారికీ చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపు. అమ్మను మోకాళ్లకు నూనె రాసుకోవడం మానొద్దను. నన్నూ బుజ్జినీ చల్లగా ఉండమని అందరూ దీవించండి.

నేను చూసుకునే పాప ఎలా ఉందని బుజ్జి ఫోన్‌లో ప్రతిసారీ అడుగుతుంది. బాగుందని నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.

నీ చెల్లెలు,
పద్మ