దాలమ్మ చెయ్యి, ఎనభై జాడీలు

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్
12 మే 1963

వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదువుతున్న హైమవతి వదినకు, మూఢనమ్మకాలతో పోరాటంలో ఉన్న మరిది అప్పలకొండ నమస్కరించి రాసేది.

పక్కనున్న నిమ్‌పురా రైల్వే మెస్సులో ఆవకాయ పెట్టే పనికి మా దాలమ్మ పిన్ని వెళ్లి అడిగింది. విధవ చెయ్యి పడితే జాడీ బూజు పడుతుందని మేనేజరు పొమ్మన్నాడు. బాబాయి పోయాక ఆమెకు వేరే ఆధారం లేదు. నా రక్తం ఉడికిపోయింది. కాలనీలో ఎనభై ఇళ్లతో తగాదా పడి ఒప్పించాను: ఇంటికో జాడీ, సరుకు ఒకటే, చీటీలు తీసి నలభై పిన్ని కలుపుతుంది, తక్కిన నలభై ఎవరింటివి వాళ్లే. వానలు పడ్డాక బూజు చూస్తాం. లెక్క ఎలా తేల్చాలో రాయి.

తా.క. దాలమ్మ చీటీ వస్తే జాడీ నా నెత్తిన బోర్లిస్తానంది పక్కింటి చిట్టెమ్మ. వచ్చింది.

వాల్తేరు
25 మే

చిరంజీవి అప్పలకొండకు హైమవతి దీవెనలు.

ముందు తేడా లేదనుకో. తర్వాత రెండు గుంపుల్లోనూ చెడినవి నూటికి ఎన్నో చూడు. చేతితో సంబంధం లేకుండా కాకతాళీయంగానే రెంటి మధ్యా కొంత ఎడం వస్తుంది. అదెంతో లెక్క కట్టవచ్చు. నీకు వచ్చిన ఎడం దానికి రెండింతలు దాటితే 'తేడా లేదు' అన్నమాట వదిలేద్దాం. దాటకపోతే వదలడానికి ఆధారం చాలలేదంటాం, అంతే.

తా.క. ఇది కరపత్రంలో వెయ్యకు.

ట్రాఫిక్
8 సెప్టెంబరు

వదినకు, పరువు పోయిన అప్పలకొండ రాసేది.

వేశాను. 'తేడా లేదు: వాల్తేరు తీర్పు' అని గోడగోడకీ అంటించాను. ఇప్పుడు చూస్తే పిన్ని జాడీల్లో నాలుగు చెడ్డాయి, తక్కినవాళ్లవి పన్నెండు. ఆడవాళ్లు పిన్నిని ఇంటింటికీ తిప్పి జాడీలు ముట్టిస్తున్నారు. మేనేజరు కూడా పనిలోకి రమ్మని కబురు పెట్టాడు. మూఢనమ్మకం చావలేదు వదినా, చీర మార్చుకుంది. ఈ ఎడం ఉత్తదని తేల్చు, లేకపోతే నీ శాస్త్రం మీదే కరపత్రం వేస్తాను.

తా.క. మా అమ్మ బియ్యం డబ్బా కూడా ముట్టించింది.

వాల్తేరు
17 సెప్టెంబరు

కోపిష్టి మరిదికి ఆశీస్సులు.

నూటికి పది, నూటికి ముప్పై. కాకతాళీయపు ఎడం తొమ్మిది, నీది ఇరవై. రెండింతలు దాటింది. తేడా ఉన్నట్టే. కానీ లెక్క తేడా ఉందంటుందే తప్ప ఎందుకో చెప్పదు. ఏ జాడీ ఎవరు కలిపారో ఇంటివాళ్లకు తెలుసు కదా. కలిపాక వాళ్లేం చేశారో అడిగావా?

తా.క. అరవకుండా అడుగు.

ట్రాఫిక్
29 సెప్టెంబరు

వదినకు, గొంతు తగ్గించిన అప్పలకొండ నమస్కారాలు.

చిట్టెమ్మను అడిగాను. "దాలమ్మ కలిపినాదని బయమేసి గుప్పెడు ఉప్పు ఎక్కువేసినాను. నూనె పైకి తేలేలాగ పోసినాను. తడి చెయ్యి తగలనీకుండా కాపలా కాసినాను. ఏటి తప్పా?" అంది. నలభై ఇళ్లలోనూ ఇదే కథ, మా అమ్మతో సహా. తక్కినవాళ్లకు భయమూ లేదు, కాపలా లేదు. జాడీలను కాపాడింది పిన్ని చెయ్యి కాదు, దాని మీది భయం.

పిన్ని పని పోతుందేమోనని మూడు రోజులు నోరు మూసుకున్నాను. నిజం దాచి సంఘాన్ని ఏం బాగుచేస్తాననిపించి, ఆదివారం కుళాయి దగ్గర మేనేజరు ముందే అందరికీ చెప్పేశాను.

చిట్టెమ్మ అంది: "అయితే మంచిదే గదరా. అన్ని జాడీలూ దాలమ్మే కలిపితే అందరం బయపడి జాగర్తగా సూసుకుంటాం."

మేనేజరు "ఠీక్ హై" అన్నాడు. పిన్ని సోమవారం పనిలో చేరింది.

తా.క. ఈ భయాన్ని కూకటివేళ్లతో పెకిలిస్తూ కొత్త కరపత్రం రాశాను. పిన్నికి చదివి వినిపించాను. అంతా విని, "బాగా రాసినావు నాయినా. నాను రిటైరయ్యాక పంచు" అంది.