గుట్ట సగంలో ఆగే ట్రాక్టరు

సమాధుల తోట కమిటీ పెద్దలు హాల్వర్సన్ గారికి, గడ్డి కోసే మనిషి నమస్కరించి రాసుకునేది.

మన పాత ట్రాక్టరును తుక్కుకి అమ్మేయమని పోయిన సోమవారం నేనే రాశాను. దయచేసి ఆ ఉత్తరం చించేయండి.

పొద్దున చల్లగా ఉన్నంతసేపూ బాగానే నడిచేది. అరగంటయ్యాక గుట్ట సగంలో నిలబడిపోయేది. ఇంజను మాత్రం ఆడుతూనే ఉండేది. లోపల ఏదో పంపు పోయిందని, చూసిన మెకానిక్కులిద్దరూ తేల్చేశారు.

నిన్న అలాగే ఆగిపోతే, భర్త సమాధికి పూలు తెచ్చిన ఆర్డిస్ నెల్సన్ గారు దగ్గరికొచ్చారు. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు.

“దీనికి రోగం కాదు అబ్బాయ్, ఉక్కపోత. సీటు కింద చూడు,” అన్నారు.

నాకు అరవై ఒకటి. అయినా వంగి చూశాను. ఆ పంపును చల్లార్చే ఫ్యాను రెక్కలు రెండు విరిగిపోయి ఉన్నాయి. చుట్టూ ఎండుగడ్డి దట్టంగా కూరుకుపోయింది.

“దానికీ బండి ఆగడానికీ ఏమిటండీ సంబంధం?”

“చక్రాల్ని తిప్పే బలమంతా ఆ పంపు తోసే నూనెది. మరీ వేడెక్కితే నీళ్లలా పలచబడుతుంది, ఇంకేం నెడుతుంది? ఇలాంటి పంపులు ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఈ చేతుల్తోనే బిగించానయ్యా!”

ఈ రోజు గడ్డంతా పీకి, కొత్త ఫ్యాను వేసి, నూనె మార్చాను. మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నడిపాను. ఎక్కడా ఆగలేదు. గుట్ట పైన దిగి, నాకు తెలియకుండానే టోపీ తీసి నిలబడ్డాను. పంతొమ్మిదేళ్లు దాని మీదే కూర్చున్నాను, నన్ను మోస్తున్నదేమిటో ఎరగను.

మీరొకసారి రండి. చెంబెడు నూనె మనిషిని ఎత్తుకుని గుట్టెక్కడం చూద్దురుగాని.